మా నీళ్ళు మీరు తాగుతారేటి

ఆ పిల్లకు చదువు అబ్బదని నేను తేల్చి రాసిన మధ్యాహ్నం, నా సంచిలో టెక్కలి నుంచి మోసుకొచ్చిన పెద్ద నీళ్ళ సీసా ఉంది. కారణం నా సంచిలో ఉంటే నేను ఆ పిల్ల బుర్రలో వెతికాను. ఉద్యోగంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే దీన్నే క్లాసు లీడరుగా పెట్టాలి. ముందే ఒప్పేసుకుంటే తర్వాత గొప్పలు చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందని ఇలా మొదలుపెట్టాను. గొప్పలు కూడా ఉన్నాయి, కాస్త ఓపిక పట్టండి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి పని గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. చూపులోనో, వినికిడిలోనో, నడకలోనో, చదువులోనో ఇబ్బంది ఉన్న పిల్లల్ని బడుల్లో గుర్తించడం, ఆ ఇబ్బంది ఎంతో అంచనా వేయడం, అవసరమైతే ఆసుపత్రి శిబిరానికి తీసుకెళ్ళి నిపుణులకు చూపించడం నా పని. నా హోదా పేరు బోర్డు మీద రెండు వరసలు పట్టేది. జనానికి అంత ఓపిక ఉండదు. 'బుర్రల మాస్టారు' అనేవారు. నాకున్న బుర్రను బట్టి ఆ బహువచనం కొంచెం ఎక్కువే.

పొద్దున్న పూట మండల కేంద్రంలోని మా గదికి వచ్చే పిల్లలతో సరిపోయేది. అది ముగించుకుని, బస్సెక్కి పలాసలో దిగి, ఆటో మారి ఉద్దానం బడులకు చేరేసరికి భోజనాలు అయిపోయి పిల్లలు పళ్ళేలు కడుగుతూ కనిపించేవారు. అన్నేళ్ళలో ఏ ఊరి బడిలోనూ నేను ప్రార్థన గంట విన్నది లేదు. మధ్యాహ్నం ఎండలో పిల్లలు ఎలా ఉంటారో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పొద్దున్న ఎలా ఉంటారో మాత్రం నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

ఆ బడి జీడితోటలు దాటాక ఉంది. అక్కడికి సముద్రం వినిపిస్తుంది కానీ కనిపించదు. హెడ్మాస్టరు గారు సోంపేట నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవారు. మంచి పనివాడు. అందరికంటే ముందు వచ్చేవారు, అందరికంటే ముందు కోప్పడేవారు. గోడలకు సున్నం వేయించడానికి తనే నిచ్చెనెక్కిన మనిషి. బడికి చుట్టుపక్కల మంచి పేరుంది. ఆ పేరుకు మచ్చ తెచ్చే పిల్ల ఎవరైనా ఆయనకు గోడ మీద మరకతో సమానం.

"మాస్టారూ, ఈ నాలుగో తరగతి గుంట సంగతేటో తేల్చీండి," అన్నారు నేను వెళ్ళిన రోజున. "ముందు బాగానే సదివేది. వాళ్ళ నాన్న పోనాక ఏటయిందో గాని, భోజనాలయితే సాలు, బల్ల మీద తల పెట్టీసి పడుకుంటాది. లెక్క ఇత్తే గోడకేసి సూత్తాది. పక్కోళ్ళని తోసెత్తాది. మొన్న బిందెడు నీళ్ళు వరండాలో పారబోసీసింది."

"ఎందుకట?"

"అడిగితే సెప్తే కదా! మొద్దు అనకూడదు, నేననను. మీరే ఆ మాటని ఇంగ్లీషులో రాసీండి."

"తండ్రి ఎలా పోయాడు?"

"ఇక్కడ ఇంకెలా పోతారండి? కిడ్నీలు."

ఉద్దానంలో ఆ మాట చెప్పడానికి ఎవరూ గొంతు తగ్గించరు. కొబ్బరి దింపేవాడు, వలేసేవాడు, జీడితోట ఉన్నవాడు, అందరి ఇళ్ళకూ వచ్చిపోయిన జబ్బు అది. ఎందుకొస్తుందో పెద్దపెద్దవాళ్ళకే పూర్తిగా తేలలేదు. తేలనంత కాలం జనం నీళ్ళనే అనుమానిస్తారు. మేం ఉద్యోగస్తులం అందరికంటే ముందు అనుమానించాం. బయటి ఊళ్ళ నుంచి అక్కడికి వచ్చే ప్రతి టీచరు సంచిలో, ప్రతి గుమాస్తా సంచిలో సొంత నీళ్ళ సీసా ఉంటుంది. అన్నం క్యారేజీ మరిచిపోయి వచ్చినవాళ్ళను చూశాను గానీ, సీసా మరిచిపోయి వచ్చినవాళ్ళను చూడలేదు. ఎవరూ జారీ చెయ్యకుండానే అందరూ తు.చ. తప్పకుండా పాటించిన ఉత్తర్వు అదొక్కటే. తర్వాత్తర్వాత దూరం నుంచి శుద్ధి చేసిన నీళ్ళు గొట్టాల్లో వచ్చి బడి కుళాయి దాకా చేరాయి కూడా. కుళాయి మారింది. మేం మారలేదు.

వరండా చివర రెండు కుర్చీలు, ఒక బల్ల వేయించుకుని నా సరంజామా పరిచాను. రంగు దిమ్మలు, అంకెలు చెప్పించే కాగితాలు, బొమ్మల కార్డులు. ఆ కార్డులంటే నాకు కాస్త గర్వం, నేనే దగ్గరుండి గీయించుకున్నవి. పిల్ల వచ్చి కూర్చుంది. సన్నటి పిల్ల, నూనె పెట్టి బిగించిన రెండు జడలు. పెదవులు ఎండి తెల్లటి పొరలు లేచి ఉన్నాయి. చూశాను. సముద్రపు గాలి అనుకున్నాను.

ఏడుస్తున్న అమ్మాయి బొమ్మ తీసి చూపించాను. తండ్రి పోయిన పిల్లలు ఆ కార్డు చూస్తే మనసు విప్పుతారని నా నమ్మకం.

"ఈ పాప ఎందుకు ఏడుస్తోందమ్మా?"

"కంట్లో ఏదో పడినట్టుంది."

"ఏం పడింది?"

"నాకేటి తెలుసు? మీ బొమ్మ కదా."

కార్డు లోపల పెట్టేశాను. అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటే రెండు చెప్పి ఆగిపోయింది. దిమ్మలు ముందు పెడితే వాటి మీద చెయ్యి, చేతి మీద తల పెట్టింది. అంతలో క్లాసు లీడరు కుర్రాడు స్టీలు గ్లాసుతో కుళాయి నీళ్ళు తెచ్చాడు, సారుకు మర్యాద. అలాంటప్పుడు మేమేం చేస్తామంటే, గ్లాసు అందుకుని, పెదవుల దాకా తీసుకెళ్ళి, తాగినట్టు చేసి, పక్కన పెట్టేస్తాం. నేనూ గ్లాసు ఎత్తాను. పిల్ల లేచి ఒక్క దెబ్బ కొట్టింది. గ్లాసు వరండా మెట్ల మీద దొర్లింది, నీళ్ళు నా అంకెల మీద పడి ఏడు, ఒకటి కలిసిపోయాయి.

"సార్! మళ్ళీ కొట్టీసింది సార్!" అని లీడరు కేక.

"సూసారా? సూసారా?" అంటూ హెడ్మాస్టరు గారు పరుగున వచ్చారు. ఆయన గొంతులో కోపం కంటే సంతోషమే ఎక్కువ వినిపించింది.

నేను చొక్కా దులుపుకుని, స్థిమితపడడానికి సంచిలోంచి నా సీసా తీసి గటగటా తాగాను. నేను మూత బిగించేదాకా పిల్ల ఆ సీసానే చూసింది. ఆ తర్వాత బల్ల మీద తల పెట్టి నిద్రపోయింది. నేను కలం తీసి, కారణం లేని దూకుడు, శ్రద్ధ తక్కువ, వయసుకు తగ్గ తెలివి కనిపించడం లేదు అని రాసి, పలాసలో జరగబోయే శిబిరానికి ఆమె పేరు పంపేశాను. అక్కడ నిపుణుడు కూడా అదే మాట అంటే ముద్ర పడిపోతుంది. ఆ పిల్ల తల్లి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. ముద్ర పడితే చదువు మాన్పించి తనతో పాటు పనికి తీసుకుపోతానని ఆవిడ అప్పటికే హెడ్మాస్టరుతో అనేసింది.

కొన్నాళ్ళకు మా గదికి సున్నం వేస్తున్నారని పొద్దున్న పని లేకుండా పోయింది. మాతో పనిచేసే ఫిజియోథెరపీ అమ్మాయి అదే ఊళ్ళో నడవలేని బాబుకు ఇంటి దగ్గరే కసరత్తు చేయించడానికి స్కూటీ మీద వెళ్తూంది. "రండి మాస్టారూ, మీకు ఉద్దానంలో సూర్యోదయం సూపిత్తాను," అని వెనక ఎక్కించుకుంది.

బడి గంట ఇంకా కొట్టలేదు. గేటు పక్కన ఇసకలో ఇద్దరు ఒకటో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టుకుని మన పిల్ల ఏదో చదువుతోంది. ఒకడి బజ్జీల పొట్లం విప్పి, ఆ నూనె కాగితం మీదున్న వార్త. వేలు కూడా పెట్టకుండా, 'బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారే అవకాశం' అని గడగడా చదివేసి, "అంటే మీ నాన్న రేపు సంద్రం మీద ఏటకెళ్ళడన్నమాట," అని ఆ చిన్నవాడికి అర్థం కూడా చెప్పింది.

అల్పపీడనం సముద్రంలో, వాయుగుండం నేను రాసిన కాగితం మీద.

ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ స్టాండు వేసి, ఆ పిల్లనీ నన్నూ మార్చి మార్చి చూసింది. "మాస్టారూ, మీరు శిబిరానికి రాసిన పిల్ల ఇదేనేటండి?"

"ఇదే."

"మరి ఆ రోజు మీరు పరీక్ష సేసింది ఎవర్ని?"

"నన్నే అయ్యుంటుంది," అన్నాను.

ఆ రోజు నేను ఆ బడి నుంచి కదల్లేదు. వెనక బల్ల మీద కూర్చుని ఆ పిల్లను చూస్తూ ఉండిపోయాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పనులన్నీ ఇలా ఊరికే కూర్చుని చేసినవే. మొదటి పీరియడులో లెక్కలన్నీ సరిగ్గా చేసింది. రెండో పీరియడులో పక్కపిల్లకు చెప్పి చేయించింది. ఎండెక్కే కొద్దీ ఛార్జింగు అయిపోతున్న సెల్‌ఫోనులా మసకబారింది. భోజనానికి ముందే చెయ్యి నుదుటికి పోయింది. అన్నం తింది, గుడ్డు తింది. పిల్లలందరూ కుళాయి దగ్గరికి పరుగెత్తితే తనూ పరుగెత్తి, కుళాయికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"తాగకండర్రా! ఇంటికెళ్ళి తాగండి!"

ఒక బుడతడు చేతుల కింద నుంచి దూరబోతే తోసేసింది. వాడు ఏడ్చాడు. టీచరు అరిచింది. అంతవరకూ అందరూ ప్రతిరోజూ చూసే దృశ్యమే. పొద్దుటి నుంచి ఆ పిల్ల గొంతులో చుక్క నీరు పడలేదన్నది మాత్రం ఎవరూ చూడలేదు, ఎందుకంటే పిల్లలు ఏం చేస్తున్నారో చూస్తాం గానీ ఏం చెయ్యడం లేదో చూడం. ఇంట్లో పొద్దున్న గంజన్నం తాగి వస్తుంది, సాయంత్రం తల్లి కాచిన నీళ్ళు తాగుతుంది. మధ్యలో బడి ఎడారి.

దగ్గరికి వెళ్ళి అడిగాను. "నువ్వెందుకు తాగవమ్మా?"

తలెత్తి నన్ను చూసింది. "మా నీళ్ళు మీరు తాగుతారేటి?"

పొగరుగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. నా వెనక టీచర్ల బల్ల మీద హెడ్మాస్టరు గారి నీలం సీసా, టీచరమ్మ ఫ్లాస్కు, నా పెద్ద సీసా వరసగా నిలబడి ఉన్నాయి. కుళాయి నీళ్ళు చదువుకున్నవాళ్ళు ముట్టుకోనివి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఆ పాఠాన్ని మేం ముగ్గురం రోజూ బల్ల మీద పెట్టి చెప్పాం, ఆ పిల్ల బుద్ధిగా నేర్చుకుంది. ఆ ప్రశ్నకు నేను నీళ్ళు నమిలాను. ఆమె మింగడమే మానేసింది.

ఇంకేం చెయ్యాలో తోచక వెళ్ళి కుళాయి తిప్పి దోసిలి పట్టాను. ధైర్యంతో కాదు, సిగ్గుతో. నోటి దాకా తీసుకెళ్ళానో లేదో ఆ పిల్ల నా చొక్కా పట్టుకుని వేలాడింది. గుండీ తెగింది.

"వద్దు మాస్టారూ! సచ్చిపోతారు!"

నా మీద విరుచుకుపడిందని నేను రాసిన రోజున కూడా నన్ను కాపాడడానికే లేచిందన్నమాట. గ్లాసు కొట్టింది, సీసాను ముట్టుకోలేదు. కళ్ళ ముందే జరిగింది, నేనే చూశాను, నేనే రాశాను, నేనే అర్థం చేసుకోలేదు.

"ఎవరు చెప్పారమ్మా, చచ్చిపోతానని?"

కుళాయి కారుతోంది. కట్టేసింది. తర్వాత చాలా చిన్న గొంతుతో, "నానే ఇచ్చినాను," అంది.

"ఏమిచ్చావు?"

"నీళ్ళు. నాన్నకి. అమ్మ ఇవ్వొద్దంది. డాట్రు కూడా వద్దన్నాడంట. అమ్మ పనికెల్లిపోనాక, దాహం తల్లీ, దాహం తల్లీ అన్నాడు. గళాసుడు ఇచ్చినాను. తెల్లారి ఆసుపత్రికి తీసుకెల్లినారు. మరి రాలేదు."

కిడ్నీలు చెడి డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు నీళ్ళు కొలిచి ఇస్తారు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి ఉండదు కదా. ఇంట్లోవాళ్ళకు అది పెద్ద శిక్ష. అడిగేది మన మనిషి, అడిగేది మంచినీళ్ళు.

'ఇందులో నీ తప్పేమీ లేదు' అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. శిక్షణల్లో వల్లె వేసిన మాట. అనలేదు. నా ఉద్యోగం మొత్తంలో నేను మాట్లాడిన మాటల కంటే ఆ మాట్లాడని మాట గురించే ఎక్కువ గర్వపడతాను. నేను డాక్టరును కాను, ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. ఊరడింపుకు అన్న మాట అని ఇట్టే పట్టేస్తుంది. అందుకని వేరే ప్రశ్న వేశాను.

"తాగి ఏమన్నాడు నాన్న?"

"సల్లగుందమ్మా అన్నాడు."

"ఇంకా?"

"నా నెత్తి మీద సెయ్యేసినాడు."

అప్పుడు ఏడ్చింది. తండ్రి పోయిన రోజున కూడా ఏడవలేదని తల్లి నాకు తర్వాత చెప్పింది. నా కార్డులోని అమ్మాయిలా ఏడవలేదు. ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పెడుతూ, నా చొక్కా మీద తుడుచుకుంటూ ఏడ్చింది. అయ్యాక, "అమ్మకి సెప్పకండి, కొడతాది," అంది.

హెడ్మాస్టరు గారికి తండ్రి సంగతి చెప్పలేదు, నీళ్ళ సంగతి మాత్రం చెప్పి, పేరు వెనక్కి తీసుకుందాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎల్లిపోనాది కదండీ పేరు. మీ ఒక్కరి మాట మీద పంపాం, మీ ఒక్కరి మాట మీద ఆపమంటే ఎలాగ? నిపుణుడు సూడనీండి." ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. అదే నాకు నచ్చలేదు.

శిబిరం పలాస ప్రభుత్వాసుపత్రిలో పెట్టారు. ఆ పిల్ల తండ్రికి డయాలసిస్ చేసింది కూడా అక్కడే. ఆ రెండు ముక్కలూ ఒకచోట పెట్టి ఆలోచించాల్సింది నేను, ఆలోచించలేదు. పిల్ల గేటు దాకా వచ్చి, కమ్మీలు రెండు చేతులా పట్టుకుని కింద కూర్చుండిపోయింది. తల్లి లాగితే రాలేదు. జీడిపిక్కల జిడ్డుకు నల్లబడిన చేతులు ఆవిడవి.

"లేవే! అందరూ సూత్తన్నారు! లేవమ్మా, నా తల్లివి కదూ!"

హెడ్మాస్టరు గారు మోటారు సైకిలు దిగుతూనే, "ఇదండీ, నేను సెప్పింది ఇదే," అన్నారు.

తల్లి నా వైపు తిరిగింది. "బాబూ, నా కూతురికి పిచ్చేటి బాబూ?"

"కాదమ్మా. మీ అమ్మాయికి ఒక అనుమానం ఉంది. అది తీర్చేవాళ్ళు లోపల ఉన్నారు." నేను పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాను. మోకాళ్ళు పటపటమన్నాయి. "మీ నాన్నను చూసుకున్న సిస్టరు ఉంది కదా. నాకు చెప్పావే, అది ఆవిడను అడుగుదాం. నేనే అడుగుతాను. నువ్వు ఊరికే నా పక్కన నిలబడు."

"అమ్మ?"

"అమ్మ కూడా ఉంటుంది."

"కొడితే?"

"ముందు నన్ను కొట్టాలి. నా ముందు వరసలో హెడ్మాస్టరు గారు కూడా ఉన్నారు."

కమ్మీలు వదిలింది.

డయాలసిస్ గదిలో మంచాలు, మిషన్లు, గొట్టాల్లో తిరిగే రక్తం. సిస్టరు పిల్లను చూడగానే గుర్తుపట్టింది. "ఓలమ్మా, నువ్వా! ఎంత పొడుగైపోనావు! మా కూతురు పేపరు సదివీగలదు, మా కూతురు పేపరు సదివీగలదని మీ నాన్న మమ్మల్ని సంపీసేవాడు కదే!"

నేను ఆలస్యం చెయ్యకుండా అడిగేశాను. "సిస్టరమ్మా, డయాలసిస్ మనిషి ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ తాగితే చచ్చిపోతాడా?"

సిస్టరు నా మొహం చూసింది, పిల్ల మొహం చూసింది. ఆవిడ నోరు విప్పేలోపు పక్క మంచం మీద మిషనుకు తగిలించి ఉన్న పెద్దాయన నవ్వాడు.

"గళాసుడేటి బాబూ, నాను నిన్న సెంబుడు తాగీసినాను."

"మావా!" అంది సిస్టరు.

"నిజమే సెప్తన్నాను. మా మనవరాలు సాటుగా తెచ్చిస్తాది. మీ ముందరే ఉన్నాను గదా, సచ్చానా?"

"ఓహో! అందుకా బరువు అంత తూగినావు! ఉండు, మీ కోడలికి సెప్తాను నీ పని!"

"సెప్పు, సెప్పు. అదీ ఇస్తాది."

పిల్ల ఆ పెద్దాయన్ను తల నుంచి కాళ్ళ దాకా పరీక్షగా చూసింది. బతికే ఉన్నాడు, సందేహం లేదు. సిస్టరు వచ్చి ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఇలా సూడమ్మా. ఎక్కువెక్కువ తాగితే ఆయాసమొస్తాది, అందుకే వద్దంటాం. వద్దన్నా అందరూ తాగుతారు. మేం మిషను మీద తీసీస్తాం. మీ నాన్నకి ఏళ్ళ తరబడి కిడ్నీలు పాడై, గుండె అలిసిపోనాది. ఆగిపోనాది. నువ్విచ్చిన గళాసు వల్ల కాదు. ఇవ్వకపోయినా ఆగిపోయేది."

అప్పుడు తల్లి అడిగింది. "నువ్విచ్చినావేటే?"

పిల్ల నా వెనక్కి వెళ్ళింది. నేను దెబ్బకు సిద్ధపడ్డాను. కానీ ఆవిడ అక్కడే గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయింది.

"నానూ ఇచ్చినాను," అంది. "రాత్రి. దాహమంటే ఏటి సేత్తాను? ఇచ్చీసినాను. నావల్లే పోనాడనుకున్నాను. నువ్వు కూడా ఇచ్చినావేటే?"

ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరు అదే గ్లాసు మోశారు వాళ్ళిద్దరూ. పిల్ల నా చొక్కా వదిలి తల్లి ఒళ్ళోకి వెళ్ళింది. పెద్దాయన పైకప్పు చూస్తూ, "పోన్లెండమ్మా, దాహంతో పోలేదు గదా," అన్నాడు. ఆ గదిలో ఆ మాట అనే అర్హత ఆయన ఒక్కడికే ఉంది.

కాసేపటికి పిల్ల, "నీళ్ళున్నాయా?" అని అడిగింది. సిస్టరు గ్లాసు ఇచ్చింది. తాగింది. ఇంకొకటి అడిగింది.

నిపుణుడి గదిలోకి వెళ్ళేసరికి ఇంకా ఎండ ఎక్కలేదు. నిపుణుడు కుర్రవాడే. నా కాగితం చూశాడు, పిల్లతో చాలాసేపు పని చేయించాడు, మళ్ళీ నా కాగితం చూశాడు. "మాస్టారూ, మీరు రాసినదానికీ ఈ పాపకూ పొంతన లేదు."

"నేను తప్పు రాశాను. మధ్యాహ్నం, దాహంతో ఉన్న పిల్లను పరీక్ష చేసి, దాహానికి మార్కులు వేశాను," అన్నాను. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు గారు, వెనక వరసలో తల్లిదండ్రులు, మా వాళ్ళు అందరూ విన్నారు. అతను నా రాత కొట్టేసి, వయసుకు తగ్గ తెలివి ఉంది, తండ్రి పోయిన దుఃఖంలో ఉంది, బడిలో తోడు కావాలి అని రాశాడు. నా రాతను ఇంకొకరు కొట్టేస్తుంటే ఛాతీ ఉబ్బిన రోజు అదొక్కటే.

బయటికి వస్తుంటే హెడ్మాస్టరు గారు వరసంతా వినేలా అన్నారు. "అయితే మాస్టారూ, ఇన్ని పరీక్షలెట్టి మీరు కనిపెట్టింది పిల్లకి దాహమేస్తందని! దానికి మీరెందుకండీ, కుండ సాలదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు, పళ్ళు కొరికింది. నేను ఆ మాటను మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత అంతా సాఫీగా జరగలేదు, అలా జరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి. నీళ్ళు తాగినంత మాత్రాన నాన్న తిరిగి రాడు. తల నొప్పి పోయింది, మధ్యాహ్నం నిద్ర పోయింది, చదువు తిరిగొచ్చింది. కోపం మాత్రం ఉండిపోయింది. తండ్రి సంవత్సరీకం దగ్గర పడ్డప్పుడు తెలుగు పుస్తకం నిలువునా చింపేసింది. టీచరమ్మ తిట్టకుండా పక్కన కూర్చుని అతికించింది. ఆ టీచరమ్మ తన ఫ్లాస్కు తేవడం మానేసి, పిల్లలతో పాటు కుళాయి దగ్గర వరసలో నిలబడడం మొదలుపెట్టింది. వెళ్ళినప్పుడల్లా నేనూ నిలబడ్డాను. హెడ్మాస్టరు గారి నీలం సీసా మాత్రం బల్ల మీంచి బల్ల కిందికి మారింది. అదీ ప్రగతే.

నా పని కూడా మారింది. ఏ పిల్లనైనా పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడకుండా కలం తియ్యనని పట్టుబట్టాను. మా వాళ్ళు మొదట విసుక్కున్నారు, తర్వాత వాళ్ళూ అలాగే చేశారు. ఇప్పటికీ కొందరు చేస్తున్నారని విన్నాను. కొత్తగా నేను కనిపెట్టిన శాస్త్రం ఏమీ లేదు, తొలి బస్సు ఎక్కడం తప్ప. అయినా ఆ ఒక్క సంగతికి నాకు నేనే రోజూ కాస్త శాలువా కప్పుకుంటూ ఉంటాను.

ఇక మిగిలింది జేబులో మడిచి పెట్టుకున్న మాట.

నేను రిటైరైన కొన్నాళ్ళకు హెడ్మాస్టరు గారి పదవీ విరమణ వచ్చింది. మా చుట్టుపక్కల ఎవరు రిటైరైనా సన్మానపత్రం రాసేది నేనే. బడి మెట్టు ఎక్కలేని వాళ్ళను కూడా హిమాలయం ఎక్కించడం నాకు అలవాటు. ఆయన గురించి మాత్రం హిమాలయం అక్కర్లేకుండానే రాశాను, సున్నం నిచ్చెన, అందరికంటే ముందు తెరిచే గేటు, అన్నీ నిజాలే. చివర్లో ఒక్క వాక్యం చేర్చాను. 'తన బడి గడప తొక్కిన ఏ ఒక్క బిడ్డనూ చదువు రాదని వదులుకోని మహనీయులు.'

"సదవడానికి గొంతున్న పూర్వ విద్యార్థిని ఎవర్నైనా మీరే సూడండి," అన్నారు ఆయన. చూశాను. అప్పటికి మన పిల్ల తొమ్మిదో తరగతి. పత్రం ముందుగా చూపించలేదు.

బడి ఆవరణలో షామియానా. శాలువా కప్పుకుని హెడ్మాస్టరు గారు మధ్య కుర్చీలో. ఆమె మైకు ముందు నిలబడి, నా సమాసాలన్నిటినీ ఒక్క తడబాటు లేకుండా దాటుకుంటూ వచ్చి, ఆ వాక్యం చదివి ఆగింది. నా వైపు చూసింది. నేను షామియానా కట్టిన కర్రల్ని లెక్కపెడుతున్నట్టు పైకి చూశాను. వెనక వరసల్లోవాళ్ళు పిల్ల మాట మరిచిపోయిందనుకున్నారు. హెడ్మాస్టరు గారు శాలువా సర్దుకున్నారు, ఇంకోసారి సర్దుకున్నారు.

ఆమె మైకు వదలకుండా ఆయన వైపు తిరిగి, నవ్వుతూ, ఆ వాక్యం మళ్ళీ చదివింది, ఈసారి నిదానంగా, ఒక్కొక్క మాటే.

నేను దాన్ని ఒక్కసారే రాశాను.